నియంతలు ముందుగా ఎవరిని కొంటారు?

2002 అక్టోబర్‌లో ఇరాక్‌లో ఒక రెఫరెండం జరిగింది. సద్దాం హుస్సేన్ ఇంకో ఏడేళ్లు అధ్యక్షుడిగా ఉండాలా వద్దా అన్నది ప్రశ్న. నూటికి నూరు శాతం పోలింగ్, అందులో నూటికి నూరు శాతం ‘అవును’ అని అధికారులు ప్రకటించారు. 1995లో వచ్చింది 99.96 శాతమే. మిగిలిన ఆ కొద్దిమంది కూడా ఏడేళ్లలో మనసు మార్చుకున్నారన్నమాట! చెప్పినవాళ్లకూ తెలుసు, విన్నవాళ్లకూ తెలుసు, అది శుద్ధ అబద్ధమని. ఏ 80 శాతమో అని ఉంటే కొందరైనా నమ్మేవారు కదా, మరి ఈ తంతు దేనికి?

నమ్మించాలన్న ఉద్దేశం ఉంటే కదా! ‘ఇంత పచ్చి అబద్ధం నీ మొహం మీదే చెబుతున్నాను, కాదనే దమ్ముందా?’ అని అడగడమే ఆ అంకెల పని. పాలకుణ్ణి ఇంట్లో కూర్చుని తిట్టుకునేవాళ్లు కోటిమంది ఉన్నా, తిట్టేది తానొక్కడినేనని ఎవరికి వారు అనుకున్నంతకాలం అతనికి ఢోకా లేదు.

రుమేనియా నియంత చౌషెస్కు పతనాన్ని ఈ కోణంలోంచి చూడండి. తిండికి రేషన్, చలికాలంలో వణికించే ఇళ్లు, రోజుకు రెండు గంటల టీవీ, అందులోనూ ఆయన భజనే. జనం ఏళ్ల తరబడి విసిగిపోయే ఉన్నారు. తిమిషోరా నగరంలో నిరసనకారుల మీద కాల్పులు జరిగాక, తన బలం చూపించుకుందామని 1989 డిసెంబర్ 21న బుఖారెస్ట్‌లో ఆయనే సభ పెట్టించాడు, లైవ్ ఇప్పించాడు. చప్పట్లు కొట్టడానికి తోలుకొచ్చిన జనంలోంచి అరుపులు లేచాయి. ఆయన తెల్లబోయి చెయ్యెత్తి ఆపబోవడం దేశమంతా చూసింది. మర్నాడు హెలికాప్టర్‌లో పారిపోయాడు, 25న కాల్చి చంపారు. ఆయన మీద కొత్తగా పుట్టిన కోపమేమీ లేదు. పక్కవాడికీ అంతే కోపం ఉందని ఆ రోజు అందరికీ ఒకేసారి తెలిసిపోయింది.

పదేపదే చెబితే అబద్ధం నిజంగానే ఎక్కుతుందని వాదించేవాళ్లున్నారు. నాజీల కాలంలో బడికెళ్లిన తరంలో యూదుల మీద ద్వేషం దశాబ్దాల తర్వాత కూడా ఎక్కువగా కనిపించిన మాట నిజమే. కానీ అంతకుముందు నుంచే ఆ ద్వేషం ఉన్న ప్రాంతాల్లోనే అది బాగా నాటుకుంది. ప్రచారం ఉన్న నిప్పును ఎగదోస్తుంది. దానికి అంతకుమించి మహిమలు అంటగడితే, గోబెల్స్ తన గురించి తాను చెప్పుకున్న గొప్పలను మనమూ మోస్తున్నట్టే.

ఆ గోబెల్స్‌కు ప్రచార మంత్రి పదవి వచ్చింది హిట్లర్ గద్దెనెక్కాక, 1933 మార్చిలో. అంతకుముందు, 1932 నవంబర్ ఎన్నికల్లో నాజీలకు వచ్చింది 33 శాతం ఓట్లు. మరి మిగతా దూరం ఎవరు దాటించారు? తెరవెనుక బేరాలు, వాటిలో ఆల్‌ఫ్రెడ్ హుగెన్‌బర్గ్ లాంటివాళ్లు. పత్రికలు, వార్తా ఏజెన్సీ, ఉఫా సినిమా స్టూడియో చేతిలో ఉన్న ఈ మీడియా అధిపతి 1929లోనే హిట్లర్‌ను తన రాజకీయ ప్రచారంలో భాగస్వామిని చేసుకుని పెద్దమనిషి హోదా ఇచ్చాడు. 1933 జనవరిలో హిట్లర్ క్యాబినెట్‌లో మంత్రయ్యాడు. తాడు తన చేతిలోనే ఉంటుందనుకున్నాడు కాబోలు, జూన్‌కల్లా బయటికి గెంటేశారు.

యజమానుల సంగతి ఇంకా స్పష్టంగా చూడాలంటే పెరూ వెళ్లాలి. అక్కడ అధ్యక్షుడు ఫుజిమోరి హయాంలో నిఘా విభాగాన్ని నడిపిన మాంటెసినోస్‌కు ఒక వింత అలవాటు. లంచం ఇస్తూ వీడియో తీయించేవాడు, రసీదులూ రాయించుకునేవాడు. ఆ కాగితాలు బయటపడ్డాక రేట్లన్నీ తెలిశాయి. న్యాయమూర్తులకు, చట్టసభ సభ్యులకు నెలకు వేల డాలర్లు. ఒక్క నాలుగో ఛానల్ యజమానులకు నెలకు 15 లక్షల డాలర్లు! చిల్లర పత్రికలకైతే హెడ్‌లైన్‌కు ఇంత అని లెక్క. కోర్టులూ పార్లమెంటూ చవగ్గా దొరికాయి, టీవీ మాత్రం ఖరీదైంది. అధికారం ఎక్కడుందో ఆ మనిషికి మనకన్నా బాగా తెలుసు. మాట వినని రెండో ఛానల్ అధిపతి బారుఖ్ ఇవ్‌చెర్‌కు 1997లో ఏకంగా పౌరసత్వమే రద్దు చేశారు. విదేశీయుడికి టీవీ ఛానల్ ఉండకూడదనే చట్టం అందుకు పనికొచ్చింది.

అయినా ఒకటి వదిలేశాడు. కెనాల్ ఎన్ అనే చిన్న కేబుల్ న్యూస్ ఛానల్. చందా కట్టినవాళ్లే చూసేది, కొద్దిమందే కదా అని లెక్కచేయలేదు. 2000 సెప్టెంబర్ 14న, పార్టీ ఫిరాయించే సభ్యుడికి మాంటెసినోస్ నోట్ల కట్టలు ఇస్తున్న వీడియో అందులోనే వచ్చింది. ఇక మిగతా ఛానళ్లు దాచలేకపోయాయి. రెండు రోజుల్లో ఫుజిమోరి మళ్లీ ఎన్నికలు పెడతానన్నాడు. నవంబర్‌లో జపాన్ నుంచి ఫ్యాక్స్‌లో రాజీనామా పంపాడు.

ఎప్పుడూ నేను మొత్తుకునేది ఇక్కడే. ఫేక్ న్యూస్, ఫ్యాక్ట్‌చెక్ అంటూ మనం అబద్ధాల వెంట పరుగెత్తుతున్నాం, డబ్బు ఎటునుంచి వస్తోందో అడగడం లేదు. వార్త ఫ్రీగా కావాలంటాం. మనం కట్టని బిల్లును ఇంకెవరో కడతారు, ప్రభుత్వ ప్రకటనో, కాంట్రాక్టులున్న యజమానో. ఈ పనికి ఇప్పుడు వీడియోలు, రసీదులు కూడా అక్కర్లేదు. 2018లో హంగరీలో అప్పటి ప్రధాని ఓర్బాన్ అనుకూల యజమానులు 400కు పైగా మీడియా సంస్థలను ఒక ఫౌండేషన్‌కు ఉచితంగా రాసిచ్చేశారు. ఓర్బాన్‌ను నియంత అనాలా వద్దా అన్నది వేరే చర్చ, పద్ధతి మాత్రం ఆ బడిదే. అదే దేశంలో 2020 జులైలో, ఎడిటర్‌ను తీసేశారని ఇండెక్స్ న్యూస్ సైట్‌లో 70 మందికి పైగా రాజీనామా చేశారు. కొన్ని నెలల్లోనే టెలెక్స్ అనే కొత్త సైట్ మొదలుపెట్టారు. వాళ్లకు పెట్టుబడి పెట్టింది ఎక్కువగా పాఠకులే.