బుష్ బోల్టులు బండి నేల మీద ఉన్నప్పుడే బిగించాలి
షాక్ అబ్జార్బర్లు మారిస్తే చాలు, పాత కారు కొత్తదానిలా నడుస్తుందని కారు మరమ్మతుల మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. గతుకుల్లో టకటక శబ్దం, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగడం చాలాసార్లు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది ఇనుప చేయి) బుష్‌ల వల్ల, అంటే దాని కీళ్లలోని రబ్బరు తొడుగుల వల్ల వస్తాయి. వాటిని వదిలేసి షాకులు మారిస్తే డబ్బులు పోతాయి, శబ్దం మాత్రం అలాగే ఉంటుంది. బుష్‌లు మార్చేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పేమిటంటే, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేయడం. బుష్‌లోని రబ్బరు దాని మధ్యలోని ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది కాబట్టి బండి కిందికి దించగానే మెలిపడి అలాగే ఉండిపోతుంది, త్వరగా చీలిపోతుంది. ముందు వదులుగా పెట్టి, బరువంతా చక్రాల మీద పడ్డాకే టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే రెంచి) బిగించాలి. ఇక స్టీరింగ్ ప్లే (స్టీరింగ్‌లో వదులు) సంగతి: చక్రం పైకెత్తి గడియారంలో 9, 3 గంటల స్థానాల్లో పట్టుకుని ఊపినప్పుడు కదిలితే టై రాడ్ ఎండో, ర్యాక్ ఎండో (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ రెండు చివర్ల కీళ్లు) అరిగినట్టు. 12, 6 దగ్గర కదిలితే బాల్ జాయింట్ (చక్రం దగ్గర ఆర్మ్ చివర ఉండే గుండ్రటి కీలు) అరిగినట్టు. రెండు స్థానాల్లోనూ కదిలితే మొదట వీల్ బేరింగ్ (చక్రం తిరిగే బేరింగ్) చూడండి. టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టుకుంటే కొత్తది దాదాపు అదే చోట కూర్చుంటుంది. అయినా అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) తప్పదు, అదీ అన్ని భాగాలూ మార్చాకే.