దానకర్ణుడు షేర్డ్ ఫోల్డర్ గారికి

మహారాజశ్రీ షేర్డ్ ఫోల్డర్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలం, పాటల కంపెనీల లాయర్లు కుశలం. మధ్యలో మా సంగతే కాస్త అటూ ఇటూగా ఉంది.

తమరి ఔదార్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇంటర్నెట్‌లో ఒకరి కంప్యూటర్ నుంచి ఒకరు పాటలు దించుకునే కజా, లైమ్‌వైర్ అనే సాఫ్ట్‌వేర్‌ల కాలంలో, వాటిని పెట్టుకునేటప్పుడు జనం ‘నెక్స్ట్, నెక్స్ట్’ అని నొక్కుకుంటూ పోయారు. ఆ హడావుడిలో, లోపల ఉన్నదంతా అందరికీ తెరిచిపెట్టే ఫోల్డర్‌గా తమరు ఎప్పుడు కొలువుదీరారో చాలామంది చూసుకోనేలేదు. దించుకున్న పాట వచ్చి తమరి ఒళ్లో పడేది. పడిన మరుక్షణమే ఊరూ పేరూ తెలియని వాళ్లందరికీ పంపకం మొదలు. ఇంట్లోవాళ్లు నిద్రపోయినా తమరికి నిద్ర లేదు. అత్త సొమ్ము అల్లుడు ధారపోయడమంటే ఇదే. కాకపోతే ఆ అల్లుడికి ధారపోస్తున్న సంగతైనా తెలుసు.

తమరిని పట్టుకోవడానికి పెద్ద గూఢచారులేమీ అక్కర్లేకపోయింది. కంపెనీల తరఫు మనిషి కూడా అదే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, ఒక పాట పేరు వెతికి, తమరి గడప తొక్కేవాడు. వచ్చినవాడెవడని అడక్కుండా తమరు ఉన్న పాటల జాబితా మొత్తం అతని ముందు పరిచేవారు. దానికో స్క్రీన్‌షాట్, పక్కనే ఐపీ అడ్రస్ (అంటే ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్ నంబరు), తేదీ, టైము. ఆ తర్వాత కోర్టు ద్వారా ఇంటర్నెట్ కంపెనీని అడిగితే బిల్లు ఎవరి పేరున ఉందో తేలిపోయేది.

2003 సెప్టెంబరులో అమెరికా రికార్డింగ్ కంపెనీలు ఒకేసారి 261 మంది మీద కేసులు వేశాయి. వాళ్లలో 12 ఏళ్ల పాప ఒకతి. ఆ పాప ఇంటివాళ్లు 2,000 డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు. 2005లో అయితే ఒక 83 ఏళ్ల ముసలమ్మ మీద కూడా దావా పడింది. అప్పటికే ఆవిడ కాలం చేసింది. తర్వాత దావా వెనక్కి తీసుకున్నారనుకోండి. మొత్తానికి తమరి దానఫలం పరలోకం దాకా పాకింది.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఇలాగే కేసులో ఇరుక్కున్న ఒకావిడ కథ తమరికి గుర్తుండే ఉంటుంది. ఫోల్డర్‌లో 1,700 పైచిలుకు పాటలు కనిపించాయన్నారు గానీ, కేసు నడిపింది 24 పాటల మీదే. 2007లో జ్యూరీ 2,22,000 డాలర్లు కట్టమంది. ఆ తర్వాత జడ్జి గారికే అనుమానం వచ్చింది: పాటను ఊరికే ఫోల్డర్‌లో ఉంచితే పంచినట్టా, ఎవరైనా తీసుకుంటేనే పంచినట్టా? ఊరికే ఉంచినా పంచినట్టేనని జ్యూరీకి తాను చెప్పింది తప్పని తేల్చి, తీర్పు రద్దు చేసి, మళ్లీ విచారణ పెట్టారు. బతికిపోయానని ఆవిడ అనుకునేలోపు 2009లో రెండో జ్యూరీ వచ్చి 19,20,000 అంది. పాటకు 80,000! 2010లో మూడో జ్యూరీ 15 లక్షలకు దించింది. అప్పీలు కోర్టు 2012లో అటు తిప్పి ఇటు తిప్పి మళ్లీ ఆ మొదటి 2,22,000 దగ్గరికే తెచ్చింది. ఆ రోజుల్లో ఆన్‌లైన్‌లో పాట 99 సెంట్లకే దొరికేది.

అక్కడి చట్టం ప్రకారం ఎంత నష్టం జరిగిందో నిరూపించక్కర్లేదు. ఒక్కో పాటకు 750 నుంచి 30,000 డాలర్ల దాకా వేయొచ్చు. తెలిసే చేశారని తేలితే 1,50,000 దాకా. నన్నడిగితే పాటకు 80,000 అనేది న్యాయం కంటే బెదిరింపుకే దగ్గర. అలాగని తమరు పంచింది తమరి సొమ్మూ కాదు. “విని చూసి, నచ్చితే కొందామనుకున్నా” అన్న వాదన కూడా 2005లో ఒక అప్పీలు కోర్టు దాకా వెళ్లింది. 30 పాటలకు 22,500 డాలర్లు పడ్డాయి. అంటే పాటకు 750, చట్టంలో ఉన్న కనీస రేటు. డిస్కౌంట్ అనుకోవాలి కాబోలు.

తమరిని కన్నవాళ్లూ బాగుపడలేదు. ఇలాగే పాటలు పంచుకునే సాఫ్ట్‌వేర్ నాప్‌స్టర్ 2001లో మూతపడింది. కజా, లైమ్‌వైర్ చెరో 10 కోట్ల డాలర్ల పైచిలుకు సమర్పించుకున్నాయి.

తమరు మాత్రం వేషం మార్చి, ఒక గుంపు ఒకే ఫైలును ముక్కలు ముక్కలుగా పంచుకునే టోరెంట్ పద్ధతిలో దూరారు. అక్కడ పాట పూర్తిగా దిగకముందే, వచ్చిన ముక్క వచ్చినట్టే పక్కవాళ్లకు వెళ్లిపోతోంది. “దించుకున్నానంతే, ఎవరికీ ఇవ్వలేదు” అని చెప్పుకునే అవకాశం కూడా లేకుండా చేశారు. పైగా ఆ గుంపులో ఎవరి ఐపీ అడ్రస్ అయినా మిగతావాళ్లకు కనిపిస్తుంది. గుంపులో లాయరు గారి మనిషి ఉండకూడదన్న రూలేమీ లేదు.

ఒక్క మనవి. ఇన్ని కేసుల్లో ముద్దాయి స్థానంలో తమరి పేరు ఒక్కసారీ పడలేదు. ఈసారి సమన్లు వస్తే తమరే సంతకం పెట్టి తీసుకోండి.

ఇట్లు,
ఇంటర్నెట్ బిల్లు మీద పేరున్న మనిషి