పదిహేడో సంస్కారం

మన పెద్దలు సంస్కారాలు పదహారని తేల్చేసి చేతులు దులుపుకున్నారు. అప్పటికి బుల్లెట్ బండి పుట్టలేదు గనుక వారిని తప్పుపట్టలేం. కానీ ఇప్పుడు మాదాపూర్‌లో కంప్యూటరు ముందు కూర్చునే ప్రతి పెళ్లికాని కుర్రవాడూ మనాలి నుంచి లేహ్‌కు మోటారు సైకిలు మీద వెళ్లివస్తున్నాడు. దీన్ని ఇంకా విహారయాత్ర అనడం అపచారం. లద్దాఖ్ యాత్రను స్నాతకానికీ వివాహానికీ నడుమ చేర్చాలని పండితులకు నా విన్నపం.

ముహూర్తం కోసం వారు కష్టపడనక్కర్లేదు. ఆ దారిలో మంచు తొలగించి రాకపోకలు సాగనిచ్చేది వేసవిలో. ఆషాఢంలో ఎలాగూ మనకు పెళ్లిళ్లు లేవు. ఇంత చక్కని పొంతన వధూవరుల జాతకాల్లో కూడా దొరకదు.

మా మేనల్లుడు పోయిన ఆషాఢంలో ఈ క్రతువు పూర్తి చేశాడు. గ్యాస్ బండ రెండో అంతస్తుకు ఎక్కించమంటే నడుము నొప్పి అనే పిల్లవాడు, అద్దె బండికి రెండు పెట్రోలు డబ్బాలు కట్టుకుని బయల్దేరాడు. దారిలో తాండి అనే ఊరి పెట్రోలు బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే పలక ప్రసిద్ధం. దాని పక్కన ఫొటో దిగితే సంకల్పం చెప్పుకున్నట్టే. శివుడికి మూడో కన్ను నుదుటి మీద ఉంటే వీడికి హెల్మెట్ మీద ఉంది. ఆయనది తెరిస్తే మన్మథుడు బూడిదయ్యాడు. వీడిది తెరిస్తే చలికి బ్యాటరీ చచ్చింది.

గాటా లూప్స్ అని 21 మలుపులున్న చోటు ఒకటుంది. మంచులో చిక్కుకుని చనిపోయిన లారీ క్లీనర్ ఆత్మ అక్కడ దాహమని అడుగుతుందట. భక్తులు నీళ్లు సీసాతో సహా సమర్పిస్తారు. కాశీకి వెళ్లినవారు ఇష్టమైన కాయో పండో వదిలి వచ్చేవారు. వీళ్లు ప్లాస్టిక్ వదులుతున్నారు. దాహం తీరిందో లేదో గానీ, ఆత్మకు నిలవ నీడ కాదు, నిలవ చోటే లేదు.

అసలు ఘట్టం లేహ్ దాటాక వచ్చే ఖర్‌దుంగ్ లా అనే కనుమ. లేహ్ ఎత్తు దాదాపు 3,500 మీటర్లు; చేరాక కనీసం ఒకటి రెండు రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకోమని వైద్యులు మొత్తుకుంటారు. మేనల్లుడికి సెలవు తొమ్మిది రోజులే కాబట్టి మర్నాడే కనుమ ఎక్కాడు. మనం ఇక్కడ పీల్చే ఆక్సిజన్‌లో సుమారు సగమే అక్కడ ఊపిరికి అందుతుంది. వాడికి తల దిమ్మెక్కి, కళ్ల వెంట నీళ్లు కారి, ఉద్యోగమూ వాయిదాలూ అంతా మిథ్య అనే జ్ఞానం కలిగింది. వైద్యులు ఈ జ్ఞానాన్ని ఎత్తు వల్ల వచ్చే జబ్బు అంటారు. దానికి మొదటి మందు వెంటనే కిందికి దిగడం. వాడు దిగాడు, లేహ్ చేరేసరికి జ్ఞానం పూర్తిగా నయమైంది. హైదరాబాద్ చేరిన వారానికి వాయిదాల మీద సొంత బుల్లెట్ కొన్నాడు.

ఆ కనుమ ఎత్తు 18,380 అడుగులని బోర్డు ఏళ్ల తరబడి చెప్పుకుంది. కొలిచినవారు సుమారు 17,582 అని తేల్చారు. మిగతా ఎనిమిది వందల అడుగులూ ఉచిత పుణ్యం. ఈలోగా ఉమ్లింగ్ లా మీద 19,024 అడుగుల దగ్గర రోడ్డు వేశారు; 2025లో మిగ్ లా దగ్గర 19,400కు చేర్చారు. మోక్షం విలువ రూపాయి కన్నా వేగంగా పడిపోతోంది. మేనల్లుడు మళ్లీ వెళ్లాలంటున్నాడు.

ఆ రోడ్లు వేసేవారికి మాత్రం జ్ఞానోదయమైన దాఖలా లేదు. జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు ముఖానికి గుడ్డ చుట్టుకుని, తారు పొగలో, నెలల తరబడి ఆ సగం ఊపిరితోనే పని చేస్తారు. మేనల్లుడి వీడియోలో ఒకతను పార పక్కన పెట్టి, బండికి దారి ఇచ్చి, చేయి ఊపాడు. ఎవరతను అని అడిగాను.

“ఆ ముక్క కత్తిరించాలి మామయ్యా, కొండకు అడ్డొచ్చాడు” అన్నాడు.

మాఘంలో వాడి పెళ్లి. స్నాతకం అయ్యాక గొడుగూ పావుకోళ్లూ తెచ్చిపెడితే పక్కకు నెట్టి, హెల్మెట్ పెట్టుకుని బుల్లెట్ ఎక్కాడు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమనుకునే రోజుల్లో బావమరిది గడ్డం పట్టుకుని బతిమాలేవాడు. ఈ బావమరిది కూడా బెల్లం ముక్క పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వెనక సీటు ఖాళీయేనా అని అడిగాడు.