హంతకులకు కాస్త మర్యాద ఇవ్వండి

మహారాజశ్రీ పాఠకుల అభిప్రాయాల వారి దివ్యసముఖమునకు,

నిన్న మధ్యాహ్నం నేను మీ గడప తొక్కింది ఒక్క చిన్న సందేహం తీర్చుకుందామని. నేను చదివే హత్యల థ్రిల్లర్ నవలల సిరీస్‌లో పదమూడో భాగం ఎక్కడా దొరకలేదు. ఆగలేక పద్నాలుగోది మొదలుపెట్టేశాను. 140వ పేజీలో ఇన్‌స్పెక్టర్ ఉన్నట్టుండి "ఆ వంతెన దగ్గర జరిగిన తర్వాత నాకు నిద్ర లేదు" అన్నాడు. ఏ వంతెన? ఏం జరిగింది? పదమూడు వదిలేసి పద్నాలుగు చదివితే కథ అర్థమవుతుందా, అవదా? ఈ రెండింట్లో ఒక్క మాట చాలు నాకు.

ఆ మాట తప్ప మీ దగ్గర అన్నీ ఉన్నాయి.

అట్ట నలిగి వచ్చిందని ఒక్క నక్షత్రం ఇచ్చిన ఆయన ఉన్నాడు. ఇంకా చదవలేదు గాని నమ్మకంతో అయిదు ఇస్తున్నానన్న ఆవిడ ఉంది. రెండో పేజీలోనే పట్టేశానని చెప్పుకునే మహానుభావుడు ప్రతి భాగం కిందా హాజరే. అన్ని భాగాలూ ఆ రెండేసి పేజీలతో ఆపేసి ఉంటే ఆయనకు బోలెడు టైమ్ కలిసొచ్చేది. "ఎనిమిదో భాగం నుంచి ఒకటే సాగదీత, ఇక చదవను" అని తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, పదమూడు భాగాల కింద వరసగా రాసుకొచ్చిన ఆయనా ఉన్నాడు. వీళ్లందరికీ నమస్కారం. వీళ్లతో నాకు పేచీ లేదు.

నా పేచీ ఒక్క వాక్యంతో.

"కథ చెప్పను గానీ, చివర్లో ఎంత తెలివిగా తప్పించుకుందో చదివి తీరాల్సిందే!"

ఈ 'గానీ' సంగతి తెలియనిదా? 'అనకూడదు గానీ' అన్నాక అననివాళ్లెవరు? 'నాకెందుకు గానీ' అన్నాక ఊరుకున్నవాళ్లెవరు? ఆ మాట కనబడగానే నేను కళ్లు మూసుకోవాల్సింది. మూసుకునేలోపే అవి 'కుందో' దాకా వెళ్లిపోయాయి.

ఆ 'కుందో' ఎంత పని చేసిందో తమరికి తెలుసా?

మన సిరీస్‌లో మూడు నాలుగు అధ్యాయాలకోసారి వాలు అక్షరాల్లో చంపే మనిషి గొంతు వినిపిస్తుంది కదా. 'వచ్చాను. తలుపు తెరిచే ఉంది. చాలాసేపు నిలబడి చూశాను.' ఆడో మగో తెలియదు. తెలుగులో ఉన్న సుఖమే అది, 'నేను' అన్నంతసేపూ ఎవరైనా కావచ్చు. ఆ తలలో కూర్చుని అందర్నీ అనుమానిస్తూ, మధ్యమధ్య ఆ మనిషి మీదే జాలిపడుతూ పోవడం కోసమే కదా ఈ పుస్తకాలు కొనేది. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే మతగురువు డిటెక్టివ్ కథలకు పది ఆజ్ఞలు రాశాడు. నేరం చేసినవారి ఆలోచనల్లోకి పాఠకుణ్ణి రానివ్వొద్దన్నది మొదటి ఆజ్ఞలోనే ఉంది. సైకలాజికల్ థ్రిల్లర్‌కి ఆ ఆజ్ఞ చెల్లదు. మనల్ని ఆ తలలోనే కాపురం పెట్టిస్తుంది, ముఖం మాత్రం చూపించదు. ఆ ముఖం దాచడానికి రచయిత నాలుగు వందల పేజీలు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తే, తమరు ఒక్క క్రియాపదంతో ముసుగు లాగేశారు.

తప్పించుకుంది అంటే ఆడమనిషైనా కావాలి, పిల్లైనా కావాలి. కథలో పిల్లి లేదు. నేను చదివినంతవరకు బతికున్న ఆడవాళ్లు ఇద్దరు. ఒకావిడ కోమాలో ఉంది. మిగిలింది ఇన్‌స్పెక్టర్ చెల్లెలు.

అదే 'తప్పించుకున్నారో' అని రాసుంటే? ఒక్కటంటే ఒక్క అక్షరం ఎక్కువ. ఆడా, మగా, ఒకరా, పదిమందా, ఏదీ తేలేది కాదు. హంతకులకు ఆ కాస్త మర్యాద ఇస్తే మీ సొమ్మేం పోయింది?

వంతెన సంగతి 160వ పేజీలో రచయితే చెప్పాడు. ఇంకో ఇరవై పేజీలు ఓపిక పట్టి ఉంటే మీ మొహం చూడాల్సిన పనే లేకపోయేది.

212వ పేజీలో ఆ చెల్లెలు అన్న చేతికి కట్టు కడుతుంది. "చిన్నప్పుడూ నువ్వింతే, దెబ్బ తగిలితే ఏడ్చేవాడివి కాదు" అంటుంది. మూడో భాగం నుంచి ఎరిగిన పిల్ల. ఆ మాటకి నా కళ్లు చెమర్చాలి. నేనేం చేశాను? గాజుగుడ్డ కత్తిరించిన కత్తెర ఎక్కడ పెట్టిందా అని చూశాను. మంచినీళ్లు ఇస్తే గ్లాసు వంక చూశాను. తలుపు వేస్తే గడియ వంక చూశాను. వాలు అక్షరాలు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల గొంతే. భయం లేదు, జాలి లేదు. వెనక పేజీలో జవాబు చూసేసుకుని లెక్క చేసినట్టు చదివాను మిగతాదంతా.

లండన్‌లో అగాథా క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్' 1952లో మొదలైంది. కోవిడ్‌కి కొన్నాళ్లు ఆగినా మళ్లీ ఆడుతూనే ఉంది. ఆట అయ్యాక, హంతకులెవరో బయట చెప్పకండని ప్రేక్షకుల్ని అడుగుతారు. డెబ్బై ఏళ్లుగా జనం టికెట్ కొనుక్కుని మరీ ఆ మాట మన్నిస్తున్నారు. నువ్వు ఒక్క వాక్యం ఆపుకోలేకపోయావు. అయిదు నక్షత్రాలిచ్చి మరీ చంపావు కదయ్యా పుస్తకాన్ని! పైగా దాని కింద 'ఉపయోగపడింది' అని నలభై మంది నొక్కారు. ఎవరికి ఉపయోగపడింది? ఎందుకు?

రాత్రి ఒంటిగంటకి పుస్తకం అయిపోయింది. మా ఇంట్లో ఇవి చదివేవాళ్లు లేరు. ఆ చెల్లెలి గురించి ఎవరితో మాట్లాడను? సిగ్గు లేకుండా మళ్లీ మీ దగ్గరికే వచ్చాను. అట్టలు, నక్షత్రాలు, సాగదీతలు అన్నీ దాటుకుంటూ అట్టడుక్కి పోతే, ఎవరూ ఏదీ నొక్కని రెండు లైన్లు కనబడ్డాయి.

"పిడి విరిగిన కత్తెర ఆరో భాగంలో కూడా చూశాను. ఇంకెవరైనా గమనించారా?"

లేచి ఆరో భాగం తీశాను. 88వ పేజీలో ఉంది. అన్న పుట్టినరోజు కానుకకి రంగుకాగితం కత్తిరిస్తోంది. పిడికి ఒకవైపు దారం చుట్టి ఉంది.

రాసింది ఎవరో. ఆడో మగో కూడా తెలియలేదు.

ఇట్లు,
పదమూడో భాగం కోసం ఇంకా వెతుకుతున్న మీ పాఠకుడు