‘స్వచ్ఛంద’ విరాళానికి రెండో రిమైండర్!

ఇప్పుడే పాప బడి బ్యాగు సర్దుతుంటే లంచ్ బాక్సు కింద నలిగిపోయిన కవరొకటి దొరికింది. బడికి స్వచ్ఛంద విరాళం, 120 యూరోలు, దయచేసి శుక్రవారంలోగా. పైన ఎర్ర అక్షరాల్లో ‘రెండో రిమైండర్’. పక్కన నిలబడి పిల్ల అడుగుతోంది, "నాన్నా, మనమొక్కళ్లమే ఇవ్వలేదా?" అని.

ఒళ్లు మండిపోయింది. స్వచ్ఛందం అంటే ఇష్టమైతే ఇచ్చేది కదండీ? ఇష్టానికి గడువేంటి? రిమైండర్లేంటి?

ఇక్కడ ఐర్లండ్‌లో, మా డబ్లిన్‌లో ఉన్నవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. బడి ఖర్చులకని కేక్ సేల్, రాఫిల్ (లాటరీ) టికెట్లు, యూనిఫాం వేసుకురాని రోజుకి 2 యూరోలు. (లోగో స్వెటర్‌కి డబ్బులు పోసి కొన్నాం, అది వేసుకోనందుకు మళ్లీ డబ్బులు. ఈ లాజిక్ ఎవరైనా చెప్తే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటా.) టీచర్లను మాత్రం ఏమీ అనను. వాళ్ల జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది. కరెంటు, హీటింగ్, ఇన్సూరెన్స్‌లకి మాత్రం పిల్లకింత అని విదిల్చే గ్రాంటు చాలదు. ప్రిన్సిపాల్ మాత్రం ఏం చేస్తుంది పాపం, కవర్లు పంపుతుంది.

1937 నాటి ఐర్లండ్ రాజ్యాంగంలో ప్రాథమిక విద్య ఉచితం అని రాసి ఉంది. కాస్త నెమ్మదిగా చదవండి. ప్రభుత్వం ఉచిత విద్య ‘ఇవ్వాలి’ అని లేదు, ‘అందేలా చూడాలి’ అని ఉంది. ఎంత హీటింగ్ బిల్లు ఆ ఒక్క మాట సందులోంచి జారిపోయి నా నెత్తిన పడిందో! రాసినాయన ఎవరో గానీ మా ఊరి కరణంగారి దగ్గర పని నేర్చుకుని ఉంటాడు. బళ్లు ఎక్కువ భాగం చర్చివి, సర్కారు డబ్బు పంపి చేతులు దులుపుకుంటుంది. 2023 నుంచి పుస్తకాలు ఫ్రీ చేశారు, నిజమే. 86 ఏళ్లకి గుర్తొచ్చింది, సంతోషం.

ఇంతలో ఫ్యామిలీ గ్రూపులో మా తోడల్లుడుగారు దిగారు. ఫిన్లాండ్‌లో ఉంటారు లెండి, ఎస్పోలో. కవరు ఫొటో మా ఆవిడ పెట్టడమే ఆలస్యం, చార్టుతో రెడీ. చదువు మీద ప్రభుత్వ ఖర్చు, జీడీపీలో శాతం: ఫిన్లాండ్ 5 పైన, ఐర్లండ్ 3 దగ్గర, యూరప్‌లో అట్టడుగున. "మాకు పెన్సిల్ కూడా బళ్లోనే ఇస్తారు బ్రదర్" అని ఒక నవ్వు బొమ్మ.

అన్నగారూ, ఆ జీడీపీ ఎవరిది? 2015లో ఈ దేశం ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగిందట, కాగితం మీద! అమెరికా కంపెనీలు ఆస్తుల కాగితాలు ఇటు మార్చుకున్నాయి, అంతే. జీడీపీ అలా ఉబ్బితే అందులో చదువు శాతం చిన్నగానే కనిపిస్తుంది మరి. ఆ లెక్కని ఇక్కడి గణాంకాల ఆఫీసే నమ్మలేక వేరే కొలత పెట్టుకుంది. మీరు మాత్రం నమ్మి నాకు చార్టులు పంపండి.

సరే, జీడీపీ ఉత్తుత్తిదే అనుకుందాం. టాక్సు ఉత్తుత్తిది కాదుగా? యాపిల్ దగ్గర 13 బిలియన్ యూరోల పన్ను బాకీ వసూలు చేసుకోండి అని యూరోపియన్ కమిషన్ అంటే, ‘మాకొద్దు మొర్రో’ అని ఏళ్ల తరబడి కోర్టుకెక్కిన సర్కారిది. 2024లో యూరప్ కోర్టు బలవంతాన తీసుకోమంది. వాళ్లకి రెండో రిమైండర్ ఎవరూ బ్యాగులో పెట్టలేదు.

తోడల్లుడుగారి సంగతికొస్తే, ఆ ఫిన్లాండ్ పురాణం మామగారి షష్టిపూర్తిలోనే మొదలైంది. నేను పంక్తిలో పులిహోర వడ్డిస్తున్నా, ఆయన కుర్చీలో కూర్చుని గంటసేపు ఉపన్యాసం. అప్పట్నుంచీ అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా, "పెద్దల్లుడిగారి పిల్లలకి అన్నం కూడా బళ్లోనే పెడతారట కదా బాబూ" అంటారు. పెడతారండీ, 1948 నుంచీ పెడుతున్నారు. మీ వీధి చివర సర్కారు బళ్లో కూడా పెడుతున్నారు అత్తయ్యగారూ, దానికి ఎస్పో దాకా పోనక్కర్లేదు. ఇంకో ముక్క. పదిహేనేళ్ల పిల్లలకి దేశదేశాల్లో పెట్టే పీసా పరీక్షలో, 2022లో, చదవడంలో ఐర్లండ్‌కి 516, ఫిన్లాండ్‌కి 490. చందాలడుక్కునే బళ్ల పిల్లలే ముందున్నారు. ఆ చార్టు గ్రూపులోకి రాదేం?

120 కట్టేశా. పిల్ల ఆ మాట అడిగాక కట్టకుండా ఎలా ఉంటాను? 10 రాఫిల్ టికెట్లు మిగిలాయి. అయిదు తోడల్లుడుగారి పేరు మీద రాసి, ఫొటో గ్రూపులో పెట్టా. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. పది యూరోలు మాత్రం ఇంకా పడలేదు.