పాత ప్రొపెల్లర్ విమానాల్లో విలాస ప్రయాణం సాధ్యమేనా?

1950ల నాటి ప్రొపెల్లర్ విమానాలు నేటి వాటికంటే దృఢమైనవనీ, వాటిని బాగుచేసి ఖరీదైన సీట్లు అమర్చితే సంపన్న ప్రయాణికుల టికెట్లతోనే ఖర్చు రాబట్టవచ్చనీ, విమానయాన సంస్థలకు మనసు లేకపోవడమే అసలు అడ్డంకి అనీ ఒక వాదన విస్తృతంగా ప్రచారమవుతోంది. ఆ విమానాలను ప్రేమించేవారే దీన్ని ఎక్కువగా నమ్ముతున్నారు కాబట్టి వివరంగా జవాబు చెప్పవలసి ఉంది.

ముందుగా, మనసు లేదన్న ఆరోపణ. జర్మనీకి చెందిన లుఫ్తాన్సా 2007 చివర్లో అమెరికాలో జరిగిన వేలంలో 1950ల నాటి నాలుగు ఇంజిన్ల ప్రొపెల్లర్ విమానాలైన లాక్‌హీడ్ ఎల్-1649ఎ స్టార్‌లైనర్లను మూడింటిని కొని, మెయిన్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో వాటిలో ఒకదానిని మళ్లీ ప్రయాణికులతో ఎగిరించాలని పదేళ్లపాటు కృషి చేసింది. ఖర్చు 10 కోట్ల యూరోలు దాటినా పని ముగియకపోవడంతో 2018లో ఆ ప్రయత్నాన్ని విరమించి, విమానాన్ని విడదీసి ఓడలో జర్మనీకి తరలించింది. ఆ తరువాత దానిని ప్రదర్శన కోసమే సిద్ధం చేయాలని నిర్ణయించింది. అంత డబ్బు, సొంత ఇంజనీరింగ్ విభాగం, ఆ విమానంతో చారిత్రక అనుబంధం ఉన్న సంస్థకే సాధ్యం కానిదాన్ని సంకల్పలోపమని ఎలా అనగలం?

ఇక దృఢత్వం గురించి. దశాబ్దాలు ఆరుబయట నిలిచిన అల్యూమినియం లోహం లోలోపల తుప్పు పడుతుంది. ఆ తుప్పు ఎంత వ్యాపించిందో భాగాలు విప్పితే తప్ప తెలియదు. ఇంజిన్ల సంగతి ఇంకా కఠినం. స్టార్‌లైనర్‌లోని రైట్ టర్బో-కాంపౌండ్ ఇంజిన్ ఒక్కొక్కదానిలో 18 సిలిండర్లు, వాటి నుంచి వెలువడే వేడి వాయువుల శక్తిని మళ్లీ క్రాంక్‌షాఫ్ట్‌కు (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇంజిన్ ఇరుసుకు) అందించే మూడు టర్బైన్లు ఉంటాయి. నాలుగు ఇంజిన్లకు కలిపి 72 సిలిండర్లు, 144 స్పార్క్ ప్లగ్‌లు. వీటిని తయారుచేసిన కర్మాగారాలు ఆ పని ఎప్పుడో మానేశాయి. పూర్తి శక్తికి కావలసిన 115/145 గ్రేడు పెట్రోలు ఇప్పుడు విమానాశ్రయాల్లో దొరకదు కనుక తక్కువ శక్తితోనే నడపాలి.

విలాసం కూడా అనుకున్నంత సులభం కాదు. 1957లో అమెరికా విమాన సంస్థ టీడబ్ల్యూఏ స్టార్‌లైనర్ లండన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఆగకుండా వెళ్లడానికి 23 గంటలకు పైగా పట్టింది. మరుసటి ఏడాది బోయింగ్ 707 జెట్ విమానం అట్లాంటిక్ మీద సేవలు మొదలుపెట్టగానే, డబ్బున్న ప్రయాణికులే ముందుగా ఆ ఇంజిన్ల మోతను, కంపనాన్ని వదిలి జెట్‌కు మారారు. బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటాల వంటి విమానాలకైతే క్యాబిన్‌లో గాలి పీడనాన్ని నిలిపే ఏర్పాటే లేదు. అవి తక్కువ ఎత్తులో, కుదుపుల మధ్యే వెళ్లాలి.

భద్రత విషయంలో న్యాయంగా మాట్లాడాలి. 2018 ఆగస్టు 4న స్విట్జర్లాండ్‌లో జు-ఎయిర్ సంస్థకు చెందిన 1930ల నాటి ప్రొపెల్లర్ విమానం జుంకర్స్ జు-52 కూలి, విమానంలో ఉన్న 20 మందీ మరణించారు. దర్యాప్తు నివేదిక పైలట్లు ప్రమాదకరంగా నడిపిన తీరునే ప్రధాన కారణంగా చెప్పింది, విమానం వయసును కాదు. అయితే నిర్వహణలోని లోపాలనూ అదే నివేదిక ఎత్తిచూపింది. టికెట్టు కొన్న ప్రయాణికుడికి ఆ లోపాలు కనిపించవు.

లుఫ్తాన్సా తన సొంత జు-52లో 1986 నుంచి 2018 వరకు ప్రయాణికులను తిప్పిన మాట నిజమే. అవి చిన్న విహార యాత్రలు. వాటికి అండగా ఒక పెద్ద సంస్థ ఉండేది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో పాత విమానాలను నిర్వహించే ఫ్లయింగ్ బుల్స్ సంస్థ వారి డీసీ-6బి ప్రొపెల్లర్ విమానం నేటికీ ఎగురుతోందంటే, టికెట్ల ఆదాయం మీద ఆధారపడని పోషకులు దానికి ఉండటమే కారణం. ఈ విమానాలను కాపాడాలని నేనూ మనస్ఫూర్తిగా కోరుకుంటాను. లాభం వస్తుందని చెప్పి పెట్టుబడి పిలిస్తే మాత్రం, లెక్క తప్పిన రోజున సగం విప్పిన విమానం హ్యాంగర్‌లోనే మిగిలిపోతుంది.