మిర్చి తోటకి మందు రాసేది ఎవరు?

గుంటూరు, పల్నాడు, ప్రకాశం, ఇటు ఖమ్మం, మహబూబాబాద్ వైపు ఏ ఊళ్లో మిర్చి రైతుని కదిపినా 2021 సీజన్ గురించి చెప్తాడు. తోటలు మంచి పూత మీదున్నాయి, నవంబర్ వానలు పోయాక చూస్తే ఒక్కో పూవులో పదీ ఇరవై సన్నటి నల్ల పురుగులు, వారం తిరిగేసరికి పూత రాలిపోయింది, నిలబడ్డ పిందె కూడా వంకర పోయి గరుకు తేలింది. కొట్టిన మందే మళ్లీ కొట్టారు, రెండ్రోజులాగి ఇంకోటి కొట్టారు, చివరికి చాలామంది తోట పీకేశారు, కొందరు ట్రాక్టర్ పెట్టి దున్నేశారు. మహబూబాబాద్ నించి మిర్చి రైతుల ఆత్మహత్యల వార్తలు కూడా ఆ సీజన్లోనే వచ్చాయి.

అప్పట్నించీ ఊళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ వీడియోల్లో ఒకటే గోల, ఆ నల్ల పురుగుకి, అంటే నల్ల తామర పురుగుకి (త్రిప్స్) ఏ మందు పనిచేస్తుంది అని. ఏటా ఒక కొత్త పేరు మార్కెట్లోకి వస్తుంది, మొదటి ఏడు అద్భుతం అంటారు, రెండో ఏడు పర్లేదంటారు, మూడో ఏడు "ఈసారి మందులో దమ్ము లేదు" అంటారు. నాకైతే మందుల పేర్ల కన్నా ఆ పేరు రైతుకి ఎవరు చెప్తున్నారు, చెప్పినందుకు వాళ్లకేం మిగుల్తోంది అన్నదే పెద్ద విషయం అనిపిస్తుంది.

ముందు పురుగు సంగతి చూద్దాం. ఇది మన నేల పురుగు కాదు, ఇండోనేషియా వైపుది. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట గుర్తించారు, ఆరేళ్లకి మిర్చిని ముంచింది. 2020లో అమెరికాలో ఫ్లోరిడా గ్రీన్‌హౌస్ మొక్కల్లో కూడా ఇదే పురుగు దొరికింది, తర్వాత అక్కడి మిరప పొలాల్లోకీ పాకింది. కాబట్టి మన రైతు చేతకానితనం వల్ల వచ్చిన తెగులు అనే మాట వదిలెయ్యాలి. మనకి ముందు నించీ ఉన్న తామర పురుగు వేరే జాతి, అది లేత ఆకుల అడుగున చేరి గీకి రసం పీలుస్తుంది, ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, దాన్నే పైముడత అంటారు. కొత్తది ఎక్కువగా పూవులోనే కాపురం. ఆడది నల్లగా ఉంటుంది, మగది పసుపుగా, చిన్నగా ఉంటుంది. గుడ్డు నించి పెద్ద పురుగు అవడానికి రెండు వారాలు చాలు, ఆ మధ్యలో కొన్ని రోజులు మట్టిలోకి దిగి ప్యూపాగా, అంటే కదలకుండా పెద్ద పురుగుగా మారే దశలో పడుంటుంది.

ఇప్పుడు ఆలోచించండి, గుడ్లు ఆకు కండ లోపల, పిల్ల పురుగులూ పెద్దవీ పూరేకుల మడతల్లో, ప్యూపాలు మట్టిలో. తైవాన్ పంపు భుజాన వేసుకుని ఏ రోజు తోటలోకి దిగినా మందు తగిలేది వాటిల్లో కొన్నిటికే. మిగతావి నాలుగు రోజుల్లో పైకొస్తాయి, పక్క చేలో నించి ఎగిరొచ్చేవి ఎటూ ఉన్నాయి, రైతేమో మందు ఫెయిల్ అయిందనుకుని మళ్లీ షాపుకి పోతాడు, షాపాయన ఈసారి రెండు డబ్బాలు కలిపి కొట్టమంటాడు, పైన ఒక టానిక్, ఇంకో బయో ప్యాకెట్. అలా ట్యాంకులో నాలుగైదు రకాలు కలిసిపోతాయి, ఏది పనిచేసిందో ఏది మొక్కని మాడ్చిందో ఎవరికీ తెలీదు.

ఇందులో అందరికన్నా ముందు చచ్చేది మనకి పనికొచ్చే పురుగులు. ఓరియస్ అని ఒక చిన్న పురుగుంటుంది, పూలల్లో తిరుగుతూ తామర పురుగుల్ని పట్టుకుని తింటుంది. సీజన్ మొదట్లోనే సైపర్‌మెత్రిన్, లాంబ్డా లాంటి పైరిత్రాయిడ్ మందులు చవకగా వస్తున్నాయి కదా అని దంచేస్తే ఇలాంటివన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, తర్వాత తామర పురుగూ, ఆకు రసం పీల్చే సన్నటి నల్లీ అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతాయి. వ్యవసాయ యూనివర్సిటీ వాళ్లు మిర్చిలో పైరిత్రాయిడ్లు వద్దని చెప్పి చెప్పి అలిసిపోయారు. ఆ మాట రైతు దాకా పోదు, ఎందుకు పోదో తర్వాత చెప్తా.

అసలు దెబ్బ ఎక్కడ తగుల్తోందంటే జబ్బుని గుర్తుపట్టడం దగ్గర. మిర్చిలో "ముడత వచ్చింది" అంటే మూడు వేరు వేరు సంగతులు అవ్వొచ్చు. పైముడత అయితే తామర పురుగు. ఆకు అంచులు కిందకి వంగి తిరగేసిన పడవలా అయ్యి, కాడ పొడుగ్గా సాగి, రంగు ముదురు ఆకుపచ్చకి తిరిగితే అది కింది ముడత, తెల్ల నల్లి పని. ఆకులు చిన్నవై, ఈనెలు పసుపెక్కి, మొక్క గిడసబారి గుబురుగా అయిపోతే బొబ్బర, అంటే తెల్లదోమ మోసుకొచ్చే జెమిని వైరస్. మొదటిదానికి ఒక రకం మందు, రెండోదానికి ఇంకో రకం, మూడోదానికి అసలు మందే లేదు, మొక్క పీకి పారేసి తెల్లదోమని ఆపుకోవడమే.

షాపు కౌంటర్ దగ్గర మాత్రం మూడింటికీ "ముడత మందు" అని ఒకటే మాట. నల్లి వచ్చిన తోటలో ఇమిడాక్లోప్రిడ్ కొడితే నల్లి చావదు సరికదా కొన్నిసార్లు ఇంకా పెరుగుతుంది. అదే తోటకి తొలి దశలో నీళ్లలో కరిగే గంధకం సరిపోయేది, దాని ఖరీదెంత, కొత్త డబ్బా ఖరీదెంత? వైరస్ వచ్చిన మొక్కల మీద ఖరీదైన మందు పది రోజులు కొట్టి, ఇగుర్లు రావట్లేదని టానిక్ కొట్టి, అప్పుడు పీకినవాళ్లు బోలెడు మంది. ఆకు ఎటు ముడిచిందో చూస్తే తెలిసే తేడాకి వేలకి వేలు పోతున్నాయి.

మందు మార్చి కొట్టమని అందరూ అంటారు, పురుగు అలవాటు పడకుండా. రైతు మారుస్తున్నాడు కూడా, కానీ మారుస్తోంది డబ్బా మీద పేరు మాత్రమే. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్, ఎసిటామిప్రిడ్ మూడూ ఒకే గ్రూపు, పురుగు ఒంట్లో ఒకేచోట దెబ్బకొడతాయి. స్పైనోశాడ్, స్పైనటోరం కూడా అంతే, రెండూ ఐదో గ్రూపు. క్లోరాంట్రానిలిప్రోల్, సయాంట్రానిలిప్రోల్ రెండూ 28వ గ్రూపు. ఈ మధ్య నల్ల తామర కోసం బాగా నడుస్తున్న బ్రోఫ్లానిలైడ్, ఐసోసైక్లోసెరామ్ రెండూ 30వ గ్రూపు. అంటే ఈ వారం ఒక కంపెనీ డబ్బా, వచ్చే వారం ఇంకో కంపెనీ డబ్బా కొట్టి మందు మార్చాననుకుంటాడు, పురుగుకి మాత్రం అదే దెబ్బ. ఈ గ్రూపు నెంబర్ డబ్బా మీద తెలుగులో, రూపాయి బిళ్లంత సైజులో ఉండాలని రూలు పెట్టడానికి ఏం అడ్డమో నాకర్థం కాదు. కొత్తవి కూడా ఇలాగే వాడితే నాలుగేళ్లలో పాతవాటి సరసన చేరతాయి, చేతిలో ఇంకేం మిగలదు.

ఇక షాపు. షాపాయన్ని విలన్ని చెయ్యడం తేలిక, నేను ఆ పని చెయ్యను. చాలా ఊళ్లలో ఫోన్ ఎత్తేది ఆయనొక్కడే, తోటకి వచ్చి చూసేదీ ఆయనే. డీలర్లకి చదువు లేదు కాబట్టి ఇలా అవుతోందన్న వాదన కూడా పూర్తిగా నిలవదు, హైదరాబాద్‌లోని వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ (MANAGE) డీలర్ల కోసం 'దేశీ' (DAESI) అనే ఏడాది డిప్లొమా 2003లోనే మొదలెట్టింది. చదువుకున్న డీలర్ కూడా సాయంత్రానికి సరుకు అమ్మాలి. పైగా ఆయన మందు అమ్మడమే కాదు, అప్పు కూడా ఇస్తున్నాడు. మిర్చికి పెట్టుబడి ఎకరాకి లక్షన్నర నించి రెండు లక్షల దాకా అవుతుంది, చేసేవాళ్లలో కౌలుదార్లు చాలామంది, వాళ్లకి బ్యాంకు లోను రావడం గగనం. ఆంధ్రాలో 2019 చట్టం కింద కౌలు కార్డు కావాలంటే భూమి యజమాని ఒప్పుకోవాలి, ఆయన సంతకం పెట్టడు. అప్పుడు మిగిలింది షాపు ఖాతా. ఖాతా ఉన్నచోట "ఈ మందు వద్దు, ఆ డబ్బా ఇవ్వు" అనే ధైర్యం ఎక్కణ్ణించి వస్తుంది? ఇచ్చింది పట్టుకెళ్లి కొట్టడమే. యూనివర్సిటీ మాట రైతు దాకా పోదన్నది ఇందుకే, విన్నా పాటించే వీలుండదు.

ఇదంతా చెప్తే వెంటనే వచ్చే మాట, మరి గవర్నమెంట్ స్టాఫ్ ఉన్నారుగా అని. ఉన్నారు. ఆంధ్రాలో 2020లో రైతు భరోసా కేంద్రాలు పెట్టారు, ఇప్పుడు రైతు సేవా కేంద్రాలంటున్నారు, తెలంగాణలో రైతు వేదికలూ, ఏఈఓలూ (వ్యవసాయ విస్తరణ అధికారులు) ఉన్నారు. కానీ ఆ కుర్రాళ్ల రోజు ఎక్కడ గడుస్తోందో చూడండి, ఈ-క్రాప్ (ఎవరు ఏ పంట వేశారో ఆన్‌లైన్‌లో ఎక్కించడం) నమోదు, పథకాల లిస్టులు, యూరియా టోకెన్లు, మీటింగులు. తోటలోకి దిగి పూవు దులిపి పురుగులు లెక్కపెట్టే టైం వాళ్లకి ఎవరిచ్చారు? ఇంకోపక్క వేపనూనె, పురుగులు అంటుకునే నీలం జిగురు అట్టలు, చుట్టూ రెండు మూడు వరుసల జొన్న, మల్చింగ్ షీటు, యూరియా తగ్గించడం, ఇవన్నీ వ్యవసాయ శాఖ కరపత్రాల్లో ఏళ్లుగా ఉన్నాయి, తప్పేం లేదు, నిజంగానే పనికొస్తాయి. కాకపోతే వీటిల్లో ఒక్కటి కూడా పూత మీద పురుగు కమ్మేశాక చేసేది కాదు, నారు దశ నించీ చెయ్యాలి, నారు దశలో ఎవరూ భయపడరు.

రేటు లెక్క ఒకసారి వేసుకుందాం. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఎకరాకి 20 క్వింటాళ్లు వచ్చాయనుకున్నా ఆ రేటుకి 2,35,620. అది కూడా కాయ మొత్తం ఎర్రగా, తాలు (రంగు పోయిన కాయ) లేకుండా ఉంటేనే. రెండు లక్షలు ఖర్చయిన రైతుకి ఏడాది కష్టానికి మిగిలేది 35 వేలు. కౌలు తగ్గదు, కోత కూలి తగ్గదు, విత్తనం ప్యాకెట్ రేటు ఆయన చేతిలో లేదు. కాస్తో కూస్తో తగ్గించుకోగలిగింది మందుల ఖర్చొక్కటే, అందులో అవసరం లేని నాలుగు స్ప్రేలు తగ్గినా కూలి ఖర్చుతో కలిపి తేడా బాగానే కనపడుతుంది. యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) చేరాక కూడా మందు అవశేషాల గొడవ ఉంది, ఎక్కువుంటే ఎగుమతి లాట్లు వెనక్కొస్తాయి.

అందుకని నేనడిగేది పెద్ద పథకమేం కాదు. మిర్చి మండలాల్లో జులై నించి జనవరి దాకా ఏఈఓకి, సేవా కేంద్రం అసిస్టెంట్‌కి వేరే డ్యూటీలు తీసేసి తోటల మీద వదలండి. వాళ్లు చూసి తెలుగులో చీటీ రాయాలి, ఏ ముడత, ఏ గ్రూపు మందు, లేదా మందు అక్కర్లేదు అని. రైతు దగ్గర ఆ చీటీ ఉంటే షాపులో ఏం ఇచ్చినా బిల్లు మీద గ్రూపు నెంబర్ పడాలి. కౌలుదారుకి యజమాని సంతకంతో పని లేకుండా మందుల వరకైనా సొసైటీ అప్పు దొరకాలి, ఎందుకంటే ఖాతా అక్కడే ఉన్నంత కాలం చీటీ జేబులోనే ఉండిపోతుంది. నారుమళ్లు పోసేలోపు ఇవి ఒక్క జిల్లాలో మొదలెట్టి చూసినా చాలు, పల్నాడు అయినా మహబూబాబాద్ అయినా సరే.